వ్యాన్‌లో బతకడానికి ఎంత చోటు చాలు? రాయలసీమ ఎండలో, గాలిలో ఏళ్లు గడిపాక

సూటిగా చెప్తాను. ఒక్క మనిషికి ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న వ్యాన్ వెనుక భాగం చాలు. ఇద్దరికి చాలదు. నేల ఎంత ఉందన్నదాని కన్నా కప్పు ఎంత ఎత్తున ఉందన్నదే రోజూ తెలిసొస్తుంది. మే నెలలో కర్నూల్లో బండి ఎంత పెద్దదైనా పగలు లోపల ఉండలేం, అప్పుడు కావాల్సింది చెట్టు.

నా పని సోలార్ పంపుసెట్ల సర్వీసు. ప్యానెళ్లు, కంట్రోలర్లు, బోరులో దిగిన మోటార్లు. పాత కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఎక్కడ్నుంచి ఫోనొస్తే అక్కడికి వెళ్లాలి. ఈరోజు పత్తికొండ, రేపు కదిరి పక్క పల్లె, ఎల్లుండి జమ్మలమడుగు. రాత్రులు ఎక్కువగా లాడ్జిల్లోనే గడిచేవి, ప్రొద్దుటూరులో ఇంటద్దె మాత్రం నెలనెలా కట్టాల్సి వచ్చేది. ఆ ఇల్లు ఖాళీ చేసి, వెనుక సీట్లు లేని చిన్న సరుకుల వ్యాన్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. అప్పట్నుంచీ అదే ఇల్లు. యూట్యూబ్‌లో చూపించే కారవాన్లు చాలావరకు కొండ ప్రాంతాలవి. మన ఎండకు, మన గాలికి, మన బోరు నీళ్లకు ఆ లెక్కలు కుదరవు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు పడక సంగతి. రైల్లో స్లీపర్ బెర్తు వెడల్పు రెండడుగుల చిల్లర. ఒక రాత్రికి అది చాలని మనందరికీ తెలుసు. నెలల తరబడి అంటే మాత్రం రెండున్నర అడుగులు కావాలి. వెల్లకిలా పడుకున్నప్పుడు మోచేతులు పక్కకు వాల్చే వీలుండాలి, లేకపోతే తెల్లారేసరికి భుజాలు పట్టేస్తాయి. నాలుగడుగుల్లో రెండున్నర పరుపుకు పోయింది. మిగతా అడుగున్నరలో పనిముట్ల పెట్టె, నీళ్ల క్యాన్లు, స్టవ్వు, బట్టల సంచి.

పడక కన్నా కూర్చోవడం కష్టమైన లెక్క. నా బండిలో నేల నుంచి కప్పుకు 47 అంగుళాలు. గోడకు ఆనుకుని నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటే నా నడినెత్తి 35 అంగుళాల దగ్గర ఉంటుంది. అంటే పడక చెక్క, పరుపు కలిపి 12 అంగుళాలు దాటితే తల కప్పుకు తగులుతుంది. వడ్రంగులందరూ మంచం కింద సొరుగులు పెట్టుకోమని, 14 అంగుళాల ఎత్తున చెక్క కొట్టమని సలహా ఇస్తారు. సామాన్లకు అది బాగుంటుంది, మెడకు మాత్రం నరకం. నేను ఎనిమిది అంగుళాల చెక్క, మూడు అంగుళాల పరుపు పెట్టుకున్నాను. తల మీద ఒక్క అంగుళం మిగిలింది. ఆ ఒక్క అంగుళం ఉండబట్టే వాన పడే సాయంత్రాల్లో లోపల కూర్చుని బిల్లులు రాసుకోగలుగుతున్నాను. సామాన్లే తగ్గించుకున్నాను.

బండి కొనకముందే దీన్ని పరీక్షించుకునే దారి ఉంది. ఇంటి మిద్దె మీద ముగ్గుపిండితో ఆరు బై నాలుగు గీసి, నాలుగడుగుల ఎత్తున దోమతెర కట్టండి. తెర పైభాగమే మీ కప్పు. పడుకోవడం, లేవడం, ప్యాంటు వేసుకోవడం, టీ కాచుకోవడం, ఫోను చార్జింగ్ పెట్టుకోవడం అన్నీ ఆ గీతల లోపలే కొన్ని రోజులు చేసి చూడండి. ప్యాంటు వేసుకునేటప్పుడే చాలామందికి తేలిపోతుంది.

ఇక ఎవరూ లెక్కలో వేయనిదొకటి ఉంది: అరువు చోటు. నేను 24 చదరపు అడుగుల్లో బతుకుతున్నానంటే అది సగం నిజమే. చలికాలపు బొంతలు, పాత కాగితాలు, పెళ్లి బట్టలు ప్రొద్దుటూరులో మా అన్న ఇంటి అటక మీద ట్రంకు పెట్టెలో ఉన్నాయి. ఆధార్ కార్డు మీద, బ్యాంకు పుస్తకం మీద ఉన్నది కూడా ఆ ఇంటి అడ్రసే. పొద్దున ఉగ్గాని బజ్జి అనంతపురంలోనో గుత్తిలోనో హోటల్లో తింటాను. మధ్యాహ్నం ఏ రైతు ఇంట్లోనో సంగటి పెడతారు, సర్వీసుకు వెళ్లినవాణ్ణి తినకుండా పంపే అలవాటు ఇక్కడ లేదు. కాబట్టి నా వంటిల్లు ఒక స్టవ్వు, రెండు గిన్నెలు. ఈ హోటళ్లు, ఈ ఆదరణ లేని చోట ఇదే బండిలో వంటకే ఇంకో ఎనిమిది చదరపు అడుగులు కావాల్సి వచ్చేది.

స్నానమూ అంతే. మహానంది వైపు పని పడితే నాకు పండగే. అక్కడ ఊట నీళ్లు ఏడాది పొడవునా పారుతుంటాయి, బయటి గుండాల్లో హాయిగా మునగొచ్చు. మంత్రాలయం దగ్గరైతే తుంగభద్ర, నీళ్లున్న నెలల్లో. మిగతా రోజుల్లో పొలంలో మోటారు బాగుచేసి ఆన్ చేయగానే పైపు కిందే నా స్నానం, రైతుకు కూడా నీళ్లు ఎలా వస్తున్నాయో చూసినట్టవుతుంది. మరుగుదొడ్డికి హైవే మీద పెట్రోలు బంకులు, పట్నాల్లో బస్టాండ్లు. కడుపు బాగాలేని రోజున మాత్రం మొహమాటపడకుండా లాడ్జిలో రూము తీసుకుంటాను. నెలకు అలాంటి ఖర్చు కొంత పక్కన పెట్టుకోవాల్సిందే. బండిలో టాయిలెట్ పెట్టుకోవాలా అని అడిగేవాళ్లకు నా సలహా ఇది: ఒక్కరే ఉండి, ఇలాంటి ఊళ్ల మధ్యే తిరిగేటట్టయితే వద్దు. ఆడవాళ్లయితే, వయసు పైబడినవాళ్లయితే తప్పకుండా పెట్టుకోండి. అప్పుడు నా కొలతలు మీకు వర్తించవు.

నీళ్ల సంగతి విడిగా చెప్పాలి. తాగడానికి, వంటకు, మొహం కడుక్కోవడానికి, గిన్నెలకు కలిపి రోజుకు పది పన్నెండు లీటర్లు అవుతాయి. 20 లీటర్ల క్యాన్లు రెండు ఉంటే మూడు రోజులు నిశ్చింత. బరువు 40 కిలోలు, అవి వెనుక చక్రాల మీద సమంగా పడేలా చెరో పక్క కట్టాలి. అనంతపురం జిల్లాలో చాలా చోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుంది, దాహమేసిందని పొలంలో పైపు నీళ్లు రోజూ తాగకూడదు. ఊళ్లోని వాటర్ ప్లాంట్‌లోనో, సత్యసాయి నీటి పథకం కుళాయి దగ్గరో నింపుకుంటాను.

ఇప్పుడు ఎండ. ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారం దాకా మన పట్నాల్లో 42, 43 డిగ్రీలు మామూలే. రేకు కప్పు కింద అది ఇంకా పెరుగుతుంది. రేకు వేడెక్కాక చీకటి పడినా రెండు మూడు గంటలు లోపలికి వేడి దిగుతూనే ఉంటుంది. నాకు పనిచేసినవి చెప్తాను. సోలార్ ప్యానెల్‌ను కప్పుకు అతికించకుండా మూడు అంగుళాల ఎడంలో బిగించాను. కరెంటు ఇస్తుంది, కప్పుకు నీడా ఇస్తుంది, మధ్యలో గాలి ఆడుతుంది. ఒక్క ప్యానెల్, ఒక బ్యాటరీతో చిన్న ఫ్యాను రాత్రంతా తిరుగుతుంది. తెరిచిన తలుపుకు తడిపిన గోనె సంచులు కట్టి వాటి వెనుక ఫ్యాను పెడితే, గాలి పొడిగా ఉండే ఏప్రిల్, మే నెలల్లో బాగా చల్లబడుతుంది. అదే సెప్టెంబరులో కడపలో చేస్తే ఉక్క పెరగడమే తప్ప లాభం లేదు, గాలిలో తేమ అప్పటికే ఉంటుంది కదా.

అయితే వీటన్నిటి కన్నా పెద్ద మందు బండికి చక్రాలుండటం. కడప సముద్రమట్టానికి 140 మీటర్ల లోపే ఉంటుంది. హిందూపురం 600 మీటర్లకు పైనే. కిలోమీటరు ఎత్తుకు సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతాయి కాబట్టి, ఈ తేడాకే రెండు మూడు డిగ్రీలు కలిసొస్తాయి. పగలు ఆ తేడా పెద్దగా తెలియదు. రాత్రి తెలుస్తుంది, నిద్ర పడుతుంది. అందుకే మే నెల పనులన్నీ పెనుకొండ, హిందూపురం, మడకశిర వైపు పడేలా రైతులతో ముందే మాట్లాడి పెట్టుకుంటాను. నందికొట్కూరు, నంద్యాల పిలుపులు మరీ అత్యవసరమైతే తప్ప జూన్‌కు తోస్తాను. ఇంట్లో ఏసీ పెట్టించుకునేవాడికి లేని వెసులుబాటు ఇది.

జూన్‌లో ఎండ తగ్గుతుంది, గాలి మొదలవుతుంది. రామగిరి దగ్గర గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆగస్టు దాకా పడమటి గాలి తోస్తూనే ఉంటుంది. టెంటు వేసుకుని ఇంకా తక్కువ చోటులో బతకొచ్చు కదా అని కొందరు అంటారు. ఆ గాలిలో టెంటు నిలవదు, నిలిచినా గుడ్డ చప్పుడుకు నిద్ర రాదు. బండి ముందు భాగం గాలికి ఎదురుగా ఉండేలా ఆపితే ఊగడం సగం తగ్గుతుంది. అడ్డంగా ఆపితే ఉయ్యాలే.

బండి ఎక్కడ ఆపాలన్నది నాకు గొర్రెల కాపరులు నేర్పారు. ఇక్కడ చోటు లేకుండా బతకడం తెలిసినవాళ్లంటే వాళ్లే. కోతలయ్యాక మందను తోలుకుంటూ నెలలపాటు ఊళ్లు తిరుగుతారు, రాత్రికి రైతు పొలంలో మంద కడతారు, ఎరువు పడుతుంది కాబట్టి రైతు డబ్బో గింజలో ఇస్తాడు. ఒక్కొక్కరికి ఒక కంబళి, ఒక సత్తు గిన్నె, నీళ్ల డబ్బా, పిండి మూట, కట్టె. అన్నీ కలిపి ఒక ఎక్సెల్ బండి మీద పడతాయి. పామిడి దగ్గర ఒక పెద్దాయన నా వ్యాన్ లోపలికి తొంగి చూసి, “లోపల నిలబడేకి అయితాదా అప్పా?” అని అడిగాడు. కాదన్నాను. “మరి బయటే కదా నువ్వు ఉండేది” అన్నాడు. ఆ సాయంత్రమంతా ఆయన దగ్గర కూర్చుని నేల ఎలా చూడాలో అడిగి తెలుసుకున్నాను. నీళ్లు ఏ వైపు జారతాయో చూడాలి, వంక గర్భంలో ఎంత నీడ ఉన్నా పడక వేయకూడదు, చీమల పుట్టలకు, రాళ్ల కుప్పలకు దూరంగా ఉండాలి. తేళ్లు రాళ్ల కిందే ఉంటాయి. దీనికి నేను కలుపుకున్నది ఒకటుంది. అనంతపురం ఎర్రనేలలో వాన వెలిసిన కాసేపటికి బండి కదులుతుంది. కోవెలకుంట్ల, ఆళ్లగడ్డ, ఆదోని వైపు నల్లరేగడిలో చిన్న జల్లుకే చక్రాలు దిగబడతాయి, ట్రాక్టరు రావాల్సిందే. ఆ వైపు వానాకాలంలో తారురోడ్డు అంచునో, మొరం తోలిన కళ్లంలోనో తప్ప రాత్రి ఆపను.

ఊరి పక్కన ఆపేముందు సర్పంచికో, రచ్చకట్ట మీద కూర్చున్న పెద్దవాళ్లకో చెప్పడం మర్యాద. ఎవరి పంపుకు వచ్చానో చెప్తే చాలు, టెన్షన్ ఉండదు.

గ్యాస్ గురించి ఒక్క మాట. 5 కిలోల సిలిండరు పెట్టుకుంటే తలుపు తెరిచి, వీలైతే బయటే వండుకోండి. ఈ గ్యాస్ గాలి కన్నా బరువు, లీకైతే నేల మీద పేరుకుంటుంది. మనం పడుకునేది కూడా అక్కడే. రాత్రి రెగ్యులేటర్ తీసేసి, రెండు పక్కలా అద్దాలు రెండేసి అంగుళాలు దించి పడుకుంటాను.

ఇక ఇద్దరి సంగతి. మా ఆవిడ తిరుపతిలో నర్సింగ్ చదువుతోంది, హాస్టల్లో ఉంటుంది. సెలవులకు వచ్చి నాతో తిరుగుతుంది. ఆ రోజులు నాకు ఎంతో ఇష్టం. కానీ బండి మాత్రం చాలదు. నాలుగడుగుల వెడల్పులో ఇద్దరం పడుకోగలం, అది సమస్య కాదు. ఒకరు లేస్తే రెండోవాళ్లూ లేవాలి. ఒకరు చదువుకోవాలంటే రెండోవాళ్ల కళ్లల్లో లైటు పడుతుంది. అన్నిటికీ మించి, చీర కట్టుకోవాలంటే నిలబడాలి. డ్రెస్సు మార్చుకోవాలన్నా అంతే. పక్కన పరదా కట్టి బయట మార్చుకోమని చెప్పడం నాకు సులువు, రోడ్డు పక్కన ఆ పరదా వెనుక నిలబడాల్సింది మాత్రం తను. కాబట్టి ఇద్దరికి నా లెక్క ఇది: పొడవు పదడుగులు, లోపలి ఎత్తు ఆరడుగులు, మధ్యలో ఒక పరదా. ఒక్కడికి ఎత్తు లేకపోయినా గడుస్తుంది, ఇద్దరికి గడవదు.

ఉన్న బండికే కప్పు కోసి ఎత్తు పెంచొచ్చు కదా అని బాడీ కట్టేవాళ్లు అంటారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారుచేసిన కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ దగ్గరా ఇబ్బంది అవుతుంది. నా బండిలో చెక్క, పెట్టెలు అన్నీ బోల్టులతో ఊడదీసేలా ఉండటానికి కారణం అదే. అందుకని కంపెనీ నుంచే ఎత్తు కప్పుతో వచ్చే పాత వ్యాన్ ఒకటి కర్నూల్లో చూసి పెట్టాను. తన పరీక్షలు అయ్యాక ఇద్దరం కలిసి వెళ్తాం. తను లోపల నిలబడి చేతులు పైకెత్తి చూశాకే బేరం మాట్లాడతాను.