తుపాకీ తీసేయమని ఎవరు అడగొచ్చు? కాలిఫోర్నియా, ఫ్లోరిడా

ప్రమాదకరంగా మారిన మనిషి దగ్గర తుపాకులు కొంతకాలం తీసేయమని కోర్టు ఆదేశించే చట్టాలను అమెరికాలో ‘రెడ్ ఫ్లాగ్’ చట్టాలంటారు. ఈ రెండు రాష్ట్రాల్లోనూ అవి ఉన్నాయి. అసలు తేడా, కోర్టుకు వెళ్లే హక్కు ఎవరిదన్న దగ్గరే.

ఫ్లోరిడాలో అది పోలీసులకే. పార్క్‌లాండ్ స్కూల్ కాల్పుల్లో 17 మంది చనిపోయాక 2018 మార్చిలో తెచ్చిన చట్టమిది. కన్నవాళ్లు భయపడుతున్నా ముందు పోలీసులను ఒప్పించాలి. ఆదేశం గరిష్ఠంగా 12 నెలలు, పొడిగించవచ్చు.

కాలిఫోర్నియా చట్టానికి కారణం 2014లో అక్కడి ఐలా విస్టాలో ఓ యువకుడు చేసిన హత్యలు. అతని తీరు చూసి ఇంట్లోవాళ్లు ముందే కంగారుపడ్డారు. పోలీసులు వచ్చారు, మాట్లాడారు, గది వెతక్కుండానే వెళ్లిపోయారు. అందుకే అక్కడ కుటుంబసభ్యులు నేరుగా పిటిషన్ వేయొచ్చు. 2020 నుంచి షరతులతో యజమానులు, సహోద్యోగులు, టీచర్లూ వేయొచ్చు. ఆదేశం ఐదేళ్ల దాకా ఉండొచ్చు.

పోలీసులే వడపోస్తే కక్షతో వేసే పిటిషన్లు తగ్గుతాయన్న వాదనలో బలముంది. అయితే కాలిఫోర్నియాలో అబద్ధపు పిటిషన్ నేరమే. నాకు మాత్రం కాలిఫోర్నియా పద్ధతే సరైనదనిపిస్తుంది. మనిషి మారిపోతున్నాడని మొదట పసిగట్టేది ఇంట్లోవాళ్లే కదా! అయినా అక్కడ కూడా ఎక్కువ పిటిషన్లు వేస్తున్నది పోలీసులే.