సెవెలమర్ 800: ముద్దకూ ముద్దకూ మధ్య వేసుకోవాల్సిన మాత్ర

అనంతపురంలో డయాలసిస్ చేయించుకునేవాళ్ల మందుల చీటీలో ఫాస్ఫరస్‌ను తగ్గించే మాత్ర సాధారణంగా ఉంటుంది. క్యాల్షియం అసిటేట్ 667 కావచ్చు, సెవెలమర్ కార్బొనేట్ 400 లేదా 800 కావచ్చు. సెవెలమర్ ఖరీదెక్కువ. అంత పెట్టి కొనొచ్చా అంటే, రక్తనాళాల్లో ఇప్పటికే సున్నం (పేరుకున్న క్యాల్షియం) కనిపించినవాళ్లు, రక్తంలో క్యాల్షియం ఎక్కువున్నవాళ్లు తప్పక కొనాలి. వేళ తప్పి వేసుకుంటే మాత్రం పెట్టిన డబ్బంతా వృథా.

4 గంటల డయాలసిస్‌లో సుమారు 800 మి.గ్రా. ఫాస్ఫరస్ బయటికి పోతుంది. వారానికి 3 సార్లయితే 2,400. తిండిలో వచ్చేది రోజుకు 800 నుంచి 1,000; అందులో 60 శాతం ఒంటికి పట్టినా వారానికి 3,360 నుంచి 4,200 అవుతుంది. వారానికి రెండుసార్లే చేయించుకునేవాళ్లకు ఒంట్లో మిగిలే ఈ బాకీ ఇంకా పెరుగుతుంది. బోరు నీళ్ల బిందెకు పట్టినట్టు రక్తనాళాల్లో సున్నం ఊరికే గోడకు అంటుకోదు. ఫాస్ఫరస్ మితిమీరితే రక్తనాళం గోడలోని కండర కణాలే ఎముక కణాల్లా మారి క్యాల్షియం పోగేస్తాయి. దీన్ని అడ్డుకునేవి ఒంట్లోనే ఉన్నాయి: కాలేయం తయారుచేసే ఫెటుయిన్-ఎ, విటమిన్ కె అందితేనే పనిచేసే మ్యాట్రిక్స్ గ్లా ప్రోటీన్, పైరోఫాస్ఫేట్, మెగ్నీషియం. కిడ్నీ జబ్బులో ఈ కాపలా సన్నగిల్లుతుంది.

క్యాల్షియం అసిటేట్ 667 ఒక్కో మాత్రలో 169 మి.గ్రా. క్యాల్షియం ఉంటుంది. రోజుకు 9 వేసుకుంటే 1,500 దాటుతుంది. అందుకే కిడ్నీ జబ్బులపై అంతర్జాతీయ సంస్థ కెడిగో 2017 మార్గదర్శకాలు క్యాల్షియం ఉన్న ఫాస్ఫరస్ మాత్రల మోతాదు తగ్గించమన్నాయి. సెవెలమర్‌లో క్యాల్షియం లేదు. అది పేగులోంచి రక్తంలోకీ పోదు, ఫాస్ఫరస్‌ను పట్టుకుని మలంతో వెళ్లిపోతుంది. చెడు కొలెస్ట్రాల్ కూడా తగ్గుతుంది. ఆయుష్షు పెంచే విషయంలో మాత్రం అధ్యయనాలన్నీ ఒక్క మాట మీద లేవు. రక్తంలో క్యాల్షియం తక్కువగా ఉన్నవాళ్లకు అసిటేటే నయం.

ఇక వాడకం. ఈ మాత్ర కడుపులో తిండితో కలిసుంటేనే పనిచేస్తుంది. రెండు మూడు ముద్దలు తిన్నాక వేసుకోవాలి, రెండు మాత్రలైతే రెండోది భోజనం సగంలో. తిన్న గంటకు గుర్తొస్తే వదిలేయాలి, తర్వాతి పూటకు రెట్టింపు వేసుకోకూడదు. రక్తపరీక్షలో ఫాస్ఫరస్ 5.5 నుంచి 7.5 (మి.గ్రా./డె.లీ.) మధ్య ఉంటే సాధారణంగా పూటకు 800 మి.గ్రా., 7.5 దాటితే 1,600తో మొదలుపెడతారు. రెండు వారాలకోసారి రక్తపరీక్ష చూసి పూటకో మాత్ర చొప్పున పెంచుతారు, లేదా తగ్గిస్తారు.

చాలామంది మూడు పూటలకూ సమానంగా పంచేస్తారు. మన తిండికి అది సరిపోదు. పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం సంగటి, నాటుకోడి పులుసు, రాత్రి రసం అన్నం అయితే బరువంతా మధ్యాహ్నం మీదే ఉంది. రోజుకు మూడు మాత్రలు రాసి ఉంటే మధ్యాహ్నానికి రెండు మార్చుకోవచ్చేమో డాక్టర్‌ను అడగండి. చెనిక్కాయ పచ్చడిలో ఫాస్ఫరస్ ఎక్కువే, కాకపోతే చాలా భాగం ఫైటేట్ రూపంలో ఉండి సరిగా జీర్ణం కాదు. కూల్‌డ్రింకులు, ప్యాకెట్ మాంసం, ప్రాసెస్డ్ చీజ్‌లలో కలిపే ఫాస్ఫేట్ దాదాపు మొత్తం ఒంటికి పడుతుంది. వాటిని మాత్రతో సరిదిద్దుకుందామనుకోవద్దు. మాంసం ముక్కలు ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే కొంత ఫాస్ఫరస్ పోతుంది.

మాత్ర పెద్దది. నమలకూడదు, విరగ్గొట్టకూడదు, పొడి చేయకూడదు. తడి తగిలితే ఉబ్బి జిగురు ముద్దవుతుంది, గొంతులో ఆగిపోతే ప్రమాదం. మింగలేకపోతే 400వి రెండు తీసుకోవచ్చు, పొడి సాచెట్ దొరికితే ఇంకా మంచిది. నీళ్లలో కలిపిన అరగంటలోపు తాగెయ్యాలి. ఆ నీళ్లనూ రోజువారీ నీటి కొలతలో లెక్కేసుకోండి.

పెద్ద ఇబ్బంది మలబద్ధకం. నీళ్లు తక్కువ తాగే డయాలసిస్ రోగికి ఇది మరీ ఎక్కువ. లాక్టులోజ్ సిరప్ అడగండి, ఫాస్ఫేట్ ఎనిమా అసలొద్దు. కడుపు ఉబ్బరం, వాంతులు, మలంలో రక్తం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పేగు అడ్డుపడినవాళ్లకు ఈ మందు పనికిరాదు. థైరాయిడ్ మాత్రకూ దీనికీ కనీసం 4 గంటల ఎడం పాటించాలి. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌ను సెవెలమర్‌కు 2 గంటల ముందో, 6 గంటల తర్వాతో వేసుకోవాలి.

షాపులో కాళ్లనొప్పులంటే చాలు క్యాల్షియం, విటమిన్ డి3, విటమిన్ కె2 కలిపిన మాత్ర చేతిలో పెట్టేస్తారు. కె2 సున్నాన్ని ఆపుతుందని ఇంకా రుజువు కాలేదు, దాంతో వచ్చే క్యాల్షియం మాత్రం నష్టం చేయొచ్చు. రక్తం గడ్డకట్టకుండా వార్‌ఫరిన్ వాడేవాళ్లు కె2 తీసుకుంటే రక్తం పలచబడే లెక్క తప్పుతుంది. అయితే వార్‌ఫరిన్ మ్యాట్రిక్స్ గ్లా ప్రోటీన్‌ను అడ్డుకుంటుంది కదా అని సొంతంగా మానేయడమూ ప్రమాదమే.

కొనేముందు కడుపు పక్క నుంచి తీసే ఒక ఎక్స్‌రే అడగండి. బృహద్ధమని (గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం) వెంట తెల్లటి గీతలు కనిపిస్తే ఈ మాత్రకు డబ్బు పెట్టడం న్యాయమే. స్ట్రిప్ మీద కార్బొనేట్ అని ఉండాలి. హైడ్రోక్లోరైడ్ రకం రక్తంలో ఆమ్లం పెంచుతుంది. బ్రాండ్ ఏదైనా మందు ఒకటే కాబట్టి జనౌషధి కేంద్రంలో కూడా అడిగి చూడండి.