ఒక్క దెబ్బతో కూల్చడం, చెదలా తొలిచేయడం

ప్రజాస్వామ్యం రెండు దారుల్లో కూలుతుంది. సైనిక కుట్ర దాగదు. 1973 సెప్టెంబర్ 11న చిలీ అధ్యక్ష భవనం లా మొనెడాపై యుద్ధవిమానాలు బాంబులు వేశాయి. కొద్దిరోజుల్లోనే పార్లమెంటు మూతపడింది.

గెలిచినవాళ్లే లోపల్నుంచి తొలిచేస్తే అలాంటి తేదీ ఒక్కటీ దొరకదు. ఇదే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే ప్రతి అడుగుకీ ఒక చట్టం అండగా ఉంటుంది. హంగరీలో 2010లో ఎన్నికల్లో గెలిచిన పక్షానికి మూడింట రెండొంతుల సీట్లు వచ్చాయి. రాజ్యాంగ న్యాయస్థానంలో జడ్జీల సంఖ్య 11 నుంచి 15కి పెరిగింది. మామూలు కోర్టుల్లో జడ్జీల రిటైర్మెంట్ వయసును 70 నుంచి 62కి దించారు. సీనియర్లు మూకుమ్మడిగా ఇంటికెళ్లారు. అది చెల్లదని 2012లో యూరోపియన్ యూనియన్ కోర్టు తేల్చేసరికి చాలా కుర్చీలు నిండిపోయాయి. ఎన్నికల నియమాలూ మార్చారు: 2014లో సుమారు 45 శాతం ఓట్లకే 199లో 133 సీట్లు. ఓట్ల లెక్కింపులో మోసం వెతికితే ఇదంతా కనిపించదు; జడ్జీల వయసు, సంఖ్య, నియోజకవర్గాల హద్దులు ఎవరు మారుస్తున్నారో చూడాలి.

అడ్డుకునే తీరూ వేరే. మొదటిదానికి, అంటే ఒక్క దెబ్బతో కూల్చేదానికి, గంటలే గడువు. 2024 డిసెంబర్‌లో దక్షిణ కొరియా అధ్యక్షుడు సైనిక పాలన ప్రకటించిన రాత్రే 190 మంది ఎంపీలు సభకు చేరుకుని దాని రద్దుకు ఓటేశారు. రెండోదానికి ఏళ్లు పడుతుంది: పోలండ్‌లో 2023లో ప్రభుత్వం మారినా, పాత ప్రభుత్వ హయాంలో జరిగిన జడ్జీల నియామకాల చిక్కు వెంటనే వీడలేదు.