చప్పట్ల ఆటా, ఫోనిక్స్ క్లాసా: చిన్నపిల్లలకు ఏది మేలు?

బడులు తెరిచే రోజులొస్తే హన్మకొండలో తల్లులు అడిగేది ఒకటే: "మా పాప నర్సరీ పోతది, ఫోనిక్స్‌ల చేర్పియ్యాల్నా, ఇంట్లనే ఏమన్న ఆడిపియ్యాల్నా?"

రెండూ చెవికి పని చెప్పేవే. చప్పట్ల ఆట మాటను అక్షరాల దాకా విడగొడుతుంది: స-కి-నా-లు, నాలుగు చప్పట్లు. ఫోనిక్స్ అంటే ఇంగ్లిష్ అక్షరాలకు వాటి ధ్వనులు జోడించి చదవడం నేర్పే పద్ధతి; అది ఇంకా లోపలికి పోయి ఒక్కో ధ్వనినీ వేరుగా వినమంటుంది.

నా దృష్టిలో తేల్చాల్సింది ఒకటే: ఆ ముక్కను పిల్ల విడిగా పలకగలదా? 'కి' అనమంటే ఎవరైనా అంటారు. ఒట్టి 'క్' అనమంటే పిల్లలే కాదు, నేర్పే టీచర్లు కూడా 'క' అనేస్తుంటారు. హల్లుకు అకారం చేర్చి పలకడం మనకు పుట్టినప్పటి అలవాటు. అట్లా బ, ఆ, ట అని చెప్పి కలపమంటే 'బ్యాట్' ఎక్కడొస్తుంది, 'బాట' వస్తుంది! కన్నడ పిల్లల మీద పరిశోధకురాలు సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనంలోనూ అక్షరాన్ని పట్టుకున్నంత త్వరగా విడి ధ్వని పట్టుబడలేదు. మన లిపి తీరూ అదే కదా.

చప్పట్లలో ఒక చిక్కుంది. 'వరంగల్' రాస్తే నాలుగు అక్షరాలు, చెవికి మాత్రం మూడే దెబ్బలు: వ-రం-గల్. 'మక్కలు' రాతలో మ-క్క-లు, నోట్లో మక్-క-లు. పిల్ల 'మక్' దగ్గర చప్పట్లు కొడితే తప్పనకండి, ఇంకా పలక పట్టలేదు కదా.

ఇది వచ్చాక తీసేసే ఆట. వంకాయలో 'వం' తీస్తే? కాయ. తర్వాత తిప్పే ఆట: 'తల' తిప్పితే 'లత'. ఇక ఇంట్లో ఎవరి పేరూ తిన్నగా ఉండదు, ఓపిక పట్టాలి. ఆ పైన ఒక్క ధ్వని మార్చే ఆట: కాలు, పాలు, వాలు; పల, పాల. గుణింతం అసలు ఉపయోగం ఇక్కడే. క, కా, కి, కీ అని వల్లె వేయించడం ఆపి, "మొదట్ల ఏం మారలేదు?" అని అడగండి. 'క్' దొరికేది అప్పుడే.

అట్లని ఫోనిక్స్ వద్దనడం లేదు. 2022-23 నుంచి మన సర్కారు బడుల్లోనూ ఇంగ్లిష్ మీడియం వచ్చింది. ఇంగ్లిష్ చదవాలంటే విడి ధ్వనులు వినిపించాల్సిందే, లేకపోతే ప్రతి స్పెల్లింగూ బట్టీయే. కానీ దానికి ఒకటో తరగతి వయసు చాలు, నర్సరీలో తొందరేం లేదు.

యాప్‌లంటారా, చాలావాటిలో పిల్ల వినడమే తప్ప నోరు తెరిచేది తక్కువ. బస్సు ప్రయాణంలో సరే. వర్క్‌షీట్లు చెవి పనికి అక్కరకు రావు.

క్లాసులోనే చేర్పించాలనుకుంటే ముందు డెమోకు కూర్చోండి. టీచర్ 'మ్మ్', 'స్స్' అని సాగదీస్తున్నారా, 'మ', 'స' అంటున్నారా వినండి. 'మ', 'స' అయితే ఆ ఫీజు దాచుకోండి.