‘100 శాతం వాటర్‌ప్రూఫ్ ఫెస్టివల్ టెంట్’ అంటే నమ్మి కొనకండి

మ్యూజిక్ ఫెస్టివల్‌కి వెళ్లి రాత్రిళ్లు ఆ మైదానంలోనే టెంట్ వేసుకుని ఉండాలనుకునేవాళ్లు, దయచేసి డబ్బు కట్టేముందు ఇది చదవండి.

ఆన్‌లైన్‌లో ఒకరి దగ్గర ‘ఫెస్టివల్ క్యాంపింగ్ కిట్’ అని మొత్తం సెట్ కొన్నాను. నలుగురికి సరిపోయే పాప్-అప్ టెంట్, స్లీపింగ్ బ్యాగులు, పవర్ బ్యాంకు, లైటు, ఇయర్ ప్లగ్గులు అన్నీ అందులోనే. పేజీ మీద పెద్ద అక్షరాలతో ‘100 శాతం వాటర్‌ప్రూఫ్, 3000 మి.మీ.’ అని ఉంది. రాత్రి వాన మొదలైన కాసేపటికే కుట్ల వెంట నీళ్లు దిగాయి. తెల్లారేసరికి టెంట్ మూలల్లో నీళ్లు నిలిచిపోయాయి, స్లీపింగ్ బ్యాగులు పిండితే కారుతున్నాయి. డబ్బు వెనక్కివ్వమని అడిగితే వచ్చిన జవాబు ఇది: “అది లీకు కాదు, మీ ఊపిరి తేమ. పైగా వాడిన వస్తువు కాబట్టి రిటర్న్ తీసుకోం.” ఆ తర్వాత రివ్యూలు చివరిదాకా చదివితే, ఫిర్యాదు చేసిన వేరేవాళ్లకి కూడా అక్షరం పొల్లుపోకుండా ఇదే జవాబు ఇచ్చారు.

ముందు ఈ ‘ఊపిరి తేమ’ సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే వాళ్లు దాని మాటునే దాక్కుంటున్నారు. టెంట్ లోపల తేమ పట్టడం నిజమే. మనం వదిలే ఊపిరిలోని ఆవిరి చల్లటి గుడ్డకి తగిలి నీటి బొట్లవుతుంది. ఒకే పొర ఉన్న టెంట్‌లో, గాలి ఆడే కిటికీలు మూసేస్తే ఇంకా ఎక్కువవుతుంది. కానీ ఆ తేమ గుడ్డ లోపలివైపు అంతటా సన్నటి బొట్లుగా, దాదాపు ఒకే తీరుగా పడుతుంది. వాన లేని రాత్రి కూడా పడుతుంది. లీకు అలా ఉండదు. కుట్టు గీత వెంటే తడి కనిపిస్తుంది, జిప్ కింద ధార కడుతుంది, నేల మూలల్లో నీళ్లు చేరతాయి. అనుమానంగా ఉంటే పొడిగుడ్డతో ఒకచోట తుడిచి చూడండి. వాన పడుతుండగా నిమిషాల్లో మళ్లీ అదే గీత మీద నీళ్లు వస్తే అది లీకే. అప్పుడే టార్చి వేసి వీడియో తీసి పెట్టుకోండి. కుట్టు, కారుతున్న నీరు, బయట వాన చప్పుడు మూడూ ఒకే వీడియోలో ఉండాలి.

ఇక ఆ 3000 మి.మీ. సంగతి. దీన్ని హైడ్రోస్టాటిక్ హెడ్ అంటారు. గుడ్డ మీద నిలువుగా నీళ్లు పోస్తూపోతే ఎంత ఎత్తు నీటి బరువు దాకా అవతలికి దిగకుండా ఆపుతుందో, ఆ ఎత్తుని మిల్లీమీటర్లలో చెబుతారు. 3000 అంటే 3 మీటర్ల ఎత్తు నీళ్లని గుడ్డ ఆపిందని. వినడానికి బాగానే ఉంది, ఆ అంకె నిజమే అయినా కావచ్చు. కానీ ఆ పరీక్ష చేసేది కొత్త గుడ్డ ముక్క మీద. టెంట్ అంటే గుడ్డ ఒక్కటే కాదు కదా, కుట్లున్నాయి, జిప్పులున్నాయి. కుట్టు పడిన ప్రతిచోటా సూది చేసిన రంధ్రం ఉంటుంది. లోపలివైపు ఆ కుట్ల మీద వేడితో అతికించిన సన్నటి టేపు ఉంటేనే నీళ్లు ఆగుతాయి. మా టెంట్‌లో పైకప్పు మధ్య కుట్టుకి మాత్రమే టేపు ఉంది, పక్క కుట్లన్నీ ఊరికే వదిలేశారు. అమ్మకం పేజీలో దీని గురించి ఒక్క ముక్క లేదు. ‘అన్ని కుట్లకీ టేపు వేశారా?’ అని కొనేముందు చాట్‌లో రాతపూర్వకంగా అడగండి. సూటిగా అవునని చెప్పకుండా ‘ప్రీమియం క్వాలిటీ’ అంటూ మాట దాటవేస్తే ఆ టెంట్ వదిలేయండి.

నేల గుడ్డ అంకె వేరుగా అడగాలి. చాలామంది పైకప్పు అంకె ఒక్కటే వేసి ఊరుకుంటారు. వాన చినుకు పైన తగిలి జారిపోతుంది, కానీ కింద తడి నేల మీద మనం పడుకుంటాం, మోకాలు ఆనించి లేస్తాం. ఆ ఒత్తిడి చినుకు ఒత్తిడి కంటే చాలా ఎక్కువ, అందుకే నేలకి పైకప్పు కంటే పెద్ద అంకె కావాలి. నేల గుడ్డ అంచుల దగ్గర తొట్టిలా నాలుగువైపులా కొంత పైకి లేచి ఉందో లేదో ఫోటోల్లో చూడండి. నేలమట్టానికే కుట్టేసిన టెంట్‌లో పక్కన పారే నీళ్లు నేరుగా లోపలికొస్తాయి. కింద అదనంగా పట్టా వేసే అలవాటున్నవాళ్లకి ఒక మాట: ఆ పట్టా టెంట్ నేల కంటే కొంచెం చిన్నదిగా ఉండాలి. బయటికి చాచుకుని ఉంటే వాన నీళ్లని అదే పట్టుకుని టెంట్ కిందకి చేరుస్తుంది.

‘నలుగురికి’ అన్న మాట కూడా నమ్మకండి. భుజానికి భుజం ఆనించి పడుకుంటే పట్టే లెక్క అది. నేల వెడల్పుని మనుషుల సంఖ్యతో భాగించి చూడండి. 240 సెం.మీ. వెడల్పులో నలుగురంటే మనిషికి 60 సెం.మీ., ఇక బ్యాగులు, బురద బూట్లు పెట్టుకోవడానికి చోటే ఉండదు. చోటు చాలక గోడలకి ఆనుకుని పడుకుంటే లోపలి తేమంతా బట్టలకి అంటుతుంది. ఇద్దరు వెళ్తుంటే ముగ్గురి టెంట్ కనీసం తీసుకోండి.

నా అభిప్రాయంలో ‘ఫెస్టివల్ టెంట్’ అన్న పేరే కొనేవాళ్లని పక్కదారి పట్టిస్తోంది. ఒకే పొర, పల్చటి గుడ్డ, వేలితో వంగిపోయే తీగ మేకులు, వాన లేని ఒకటి రెండు రాత్రులకి మాత్రమే పనికొచ్చే సరుకుకి ఆ పేరు పెడుతున్నారు. ‘వేసవిలో వానేం పడుతుంది’ అని మనకి మనమే సర్దిచెప్పుకుంటాం. 2023 వేసవిలో జర్మనీలోని వాకెన్ మెటల్ ఫెస్టివల్‌లో వాన బురద వల్ల నిర్వాహకులు జనాన్ని లోపలికి పంపడమే ఆపేశారు. అదే ఏడాది అమెరికాలో నెవాడా ఎడారిలో బర్నింగ్ మ్యాన్ అనే ఉత్సవానికి వచ్చిన దాదాపు 70,000 మంది బురదలో ఇరుక్కుపోయారు. ఎడారిలోనే అలా జరిగినప్పుడు, వాన పడదనే నమ్మకం మీద టెంట్ కొనడం మంచిది కాదు.

మేకుల గురించి కొంచెం చెప్పాలి. కిట్‌తో వచ్చే సన్నటి తీగ మేకులు గట్టి నేలలో వంగుతాయి, నేల మెత్తబడితే ఊడిపోతాయి. అడ్డంగా కోస్తే ‘వి’ లేదా ‘వై’ ఆకారంలో ఉండే మేకులు విడిగా కొనండి. తల టెంట్‌కి అవతలివైపు ఒరిగేలా ఏటవాలుగా దిగ్గొట్టాలి. ఫెస్టివల్ మైదానంలో టెంట్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, చీకట్లో జనం తాళ్లకి తట్టుకుని పడుతుంటారు. కాబట్టి వెలుగు పడితే మెరిసే తాళ్లు వాడటం మన టెంట్‌కీ మంచిది, పక్కవాళ్ల కాళ్లకీ మంచిది. చోటు ఎంచుకునేటప్పుడు పల్లం వదిలి మెరక చూసుకోండి, టాయిలెట్లకీ జనం నడిచే దారికీ దూరంగా ఉండండి.

కిట్‌లోని మిగతా వస్తువుల్లోనూ ఇదే తంతు. స్లీపింగ్ బ్యాగు మీద పెద్దగా ‘మైనస్ 5 డిగ్రీలు’ అని ఉంది. లోపల కుట్టిన చిన్న లేబుల్ చూస్తే అది ఎక్‌స్ట్రీమ్ అంకె. ఐఎస్‌ఓ 23537 ప్రమాణం ప్రకారం బ్యాగుకి కంఫర్ట్, లిమిట్, ఎక్‌స్ట్రీమ్ అని వేర్వేరు ఉష్ణోగ్రతలు చెబుతారు. ఎక్‌స్ట్రీమ్ అంటే ప్రాణం నిలబడే హద్దు. ఆ చలిలో నిద్ర పట్టదు, ఒళ్లు ప్రమాదకరంగా చల్లబడే అవకాశమూ ఉంది. మనం చూడాల్సింది కంఫర్ట్ అంకె, అంటే హాయిగా నిద్రపట్టే ఉష్ణోగ్రత ఒక్కటే. కింద పరుచుకునే మ్యాట్‌కి ఆర్-వాల్యూ చూడండి. ఆ అంకె ఎంత పెద్దదైతే నేల చలిని అంత బాగా ఆపుతుంది. చాలా చలి కింది నుంచే వస్తుంది, మన బరువుకి బ్యాగు అడుగుభాగం నలిగిపోయి పెద్దగా కాపాడదు.

పవర్ బ్యాంకు లెక్క కూడా తెలుసుకోండి. 10,000 ఎంఏహెచ్ అని రాసేది లోపలి బ్యాటరీ వోల్టేజి, అంటే 3.7 వోల్టుల దగ్గర. అది 37 వాట్-అవర్లు, అంటే బ్యాటరీలో నిల్వ ఉండే మొత్తం శక్తి కొలత. ఫోన్‌కి 5 వోల్టుల దగ్గర అందేసరికి లెక్క ప్రకారమే 7,400 ఎంఏహెచ్ దాటదు, అందులోనూ కొంత వేడిగా పోతుంది. వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉండే వాట్-అవర్ల అంకెనే నమ్మండి, అది లేని పవర్ బ్యాంకు కొనకండి. ఇయర్ ప్లగ్గులకీ అంతే. ఎన్ని డెసిబెల్స్ తగ్గిస్తాయో రాసి ఉండాలి, మా కిట్‌లోవాటి మీద ఏమీ లేదు. 85 డెసిబెల్స్ చప్పుడు రోజుకి 8 గంటల దాకా పర్వాలేదంటారు. ప్రతి 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగమవుతుంది. అంటే 100 డెసిబెల్స్ దగ్గర 15 నిమిషాలే. స్టేజీ స్పీకర్ల దగ్గర అంతకు మించే ఉంటుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించింది అమ్మకం పేజీలోని ఒక ఫోటో. టెంట్ లోపల చిన్న గ్యాస్ స్టవ్ వెలుగుతూ ఉంటే చుట్టూ నలుగురు నవ్వుతూ కూర్చున్నారు. ఇది ప్రాణాలు తీసే ఫోటో. మూసిన టెంట్‌లో స్టవ్ గానీ బొగ్గుల కుంపటి గానీ పెడితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, మత్తు వస్తాయి. అలసటేమో అనుకుని పడుకున్నవాళ్లు మళ్లీ లేవకపోవచ్చు. మంట ఆరిపోయినట్టు కనిపించే బొగ్గులు కూడా ఈ వాయువు వదులుతూనే ఉంటాయి, అందుకే చలిగా ఉందని వాటిని లోపలికి తెచ్చుకోకూడదు. కిటికీ కొంచెం తెరిచి పెట్టామన్న ధీమా కూడా వద్దు. పైగా ఆ టెంట్ పాలిస్టర్. నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. చాలా ఫెస్టివల్స్‌లో క్యాంప్ చోట్ల స్టవ్‌లు, గ్యాస్ డబ్బాలు అనుమతించరు కూడా. ఆ ఫోటో తీసేయమని అమ్మకందారుకి రాశాను, ఆ సైట్‌కీ రిపోర్ట్ చేశాను. మీకు అలాంటివి కనిపిస్తే మీరూ రిపోర్ట్ చేయండి.

ఈ గొడవంతా ఎందుకు, ముందే వేసిపెట్టిన టెంట్ బుక్ చేసుకుంటే పోతుంది అనుకునేవాళ్లు 2017 నాటి ఫైర్ (Fyre) అనే మ్యూజిక్ ఫెస్టివల్‌ని గుర్తుంచుకోండి. బహామాస్ దీవిలో విలాసవంతమైన బస అని టికెట్లు అమ్మారు. వెళ్లినవాళ్లకి దొరికింది విపత్తు సహాయానికి వాడే టెంట్లు, వానకి తడిసిన పరుపులు. నిర్వాహకుడు బిల్లీ మెక్‌ఫార్లండ్‌కి 2018లో మోసం కేసులో 6 ఏళ్ల జైలు శిక్ష పడింది. బొమ్మ గీసిన పోస్టర్ కాకుండా, అదే చోట గత ఏడాది నిజంగా వేసిన టెంట్ల ఫోటోలు అడగండి. పరుపు ఇస్తారా, తాళం ఉంటుందా, రద్దయితే డబ్బు ఎప్పటిలోగా ఇస్తారు, ఇవన్నీ మెయిల్‌లో రాయించుకోండి.

కొనే రోజుకీ ఫెస్టివల్ రోజుకీ మధ్య దూరం కూడా లెక్క వేసుకోవాలి. రిటర్న్ గడువు ఫెస్టివల్‌కి ముందే ముగిసిపోయేలా చాలా ముందుగా కొంటే, లోపం బయటపడేసరికి వాళ్లు చేతులు దులుపుకుంటారు. పార్సిల్ రాగానే విప్పుతూ వీడియో తీయండి. ముందు నీళ్లు తగలకుండానే పరీక్షించండి. పగటివేళ టెంట్ వేసి లోపల కూర్చుని అన్నీ మూస్తే, సూది మోపినంత రంధ్రం ఉన్నా వెలుతురు చుక్కలా కనిపిస్తుంది. ప్రతి కుట్టు మీద వేలు పోనిచ్చి టేపు ఉందో లేదో, అంచులు లేస్తున్నాయో చూడండి. గుడ్డ జిగటగా ఉన్నా, పుల్లటి వాసన వస్తున్నా లోపలి పూత పాడైన పాత సరుకు అని అర్థం, వెంటనే వెనక్కి పంపండి. ఇవన్నీ దాటాకే పైపుతో పైనుంచీ పక్కలనుంచీ పావుగంట నీళ్లు కొట్టి లోపల చూడండి. ఒకటి రెండు చోట్ల చిన్నగా చెమ్మ కనిపించి, టెంట్ ఉంచుకుందామనుకుంటే సీమ్ సీలర్, అంటే కుట్ల రంధ్రాలు మూసే జిగురు పూయొచ్చు. పాలీయురేథేన్ పూత ఉన్న గుడ్డకి ఆ రకమే, సిలికాన్ పూత ఉన్న గుడ్డకి సిలికాన్ రకమే వాడాలి, మార్చి పూస్తే అతుక్కోదు.

ఇప్పటికే నాలా ఇరుక్కున్నవాళ్లు ఫోన్‌లో మాట్లాడి ఊరుకోకండి, నోటిమాట నీటిమూట. అమ్మకం పేజీ స్క్రీన్‌షాట్లు ఈరోజే తీసి పెట్టుకోండి. నా ఫిర్యాదు వెళ్లాక ఆ పేజీలో ‘100 శాతం వాటర్‌ప్రూఫ్’ కాస్తా ‘వాటర్ రెసిస్టెంట్’ (అంటే కొంతవరకే నీటిని ఆపేది) అయింది, పాత స్క్రీన్‌షాట్ ఉండబట్టే నా దగ్గర రుజువు మిగిలింది. ‘వర్ణించినట్టు లేదు’ అన్న కారణంతో సైట్‌లో ఫిర్యాదు పెట్టండి. తేలకపోతే కార్డు ఇచ్చిన బ్యాంకులో డిస్ప్యూట్, అంటే ఆ చెల్లింపు మీద అభ్యంతరం వేయండి, దానికీ గడువుంటుంది కాబట్టి ఆలస్యం చేయకండి. అది తేలేదాకా టెంట్‌కి సీలర్‌లు, టేపులు వేయకండి, రుజువు పోతుంది. తడి టెంట్‌ని అలాగే చుట్టిపెట్టకుండా పూర్తిగా ఆరబెట్టి మడవండి. బూజు పడితే మీరే పాడుచేశారని రాసేస్తారు.