మెకాంగ్ డెల్టా: మీథో ఒక్కరోజు టూరా, కాంథోలో ఒక రాత్రి ఉండటమా?

వియత్నాంలోని మెకాంగ్ నది డెల్టా చూడటానికి చేతిలో ఒక్కరోజే ఉంటే ఆలోచించకుండా మీథో, బెన్‌చే ఊళ్ల టూరే తీసుకోండి. హోచిమిన్ సిటీ నుంచి మీథో సుమారు 70 కిలోమీటర్లు, బస్సులో రెండు గంటలు, సాయంత్రానికి మళ్లీ హోటల్లో ఉంటారు, కాబట్టి పెద్దవాళ్లూ పిల్లలూ వెంట ఉన్నా టెన్షన్ లేదు. కాకపోతే అన్ని గ్రూపులనూ దాదాపు అవే చోట్లకు తిప్పుతారు: తేనె టీ, పళ్లు, పాటలు, సన్నటి కాలువలో తెడ్డు పడవ. నాకు బాగా నచ్చేది కొబ్బరి మిఠాయి చేసే చోటు. కొబ్బరిపాలు, చక్కెర ముదురు పాకం పట్టి, ముక్కలు కోసి, పల్చటి బియ్యప్పొరలో చుట్టేస్తారు. ఆ పొర తీయకండి, దాంతోపాటే తినేయాలి. శాకాహారులైతే బుకింగ్ అప్పుడే చెప్పండి, అక్కడ చాలా వంటల్లో చేపల సాస్ పడుతుంది.

కాంథో దారి వేరు. హోచిమిన్ సిటీ నుంచి సుమారు 170 కిలోమీటర్లు, వెళ్లేసరికే సగం రోజు పోతుంది. అక్కడి కైరాంగ్ నీటి సంతలో, అంటే నదిలో పడవల మీదే జరిగే సంతలో, బేరాలు జోరుగా సాగేది తెల్లవారుజామునే కాబట్టి ముందురోజు రాత్రి కాంథోలోనే పడుకోవాలి, పొద్దున్నే హోచిమిన్ సిటీలో బయల్దేరి దాన్ని చూద్దామంటే కుదరదు. ఏ పడవలో ఏం అమ్ముతున్నారో వాళ్లు నిలబెట్టిన వెదురుగడకు కట్టిన అనాసపండో గుమ్మడికాయో చూస్తే దూరం నుంచే తెలిసిపోతుంది. రోడ్లు, వంతెనలు వచ్చాక పడవలు బాగా తగ్గాయి, పాత ఫొటోలు చూసి అంత రద్దీ ఉంటుందనుకోవద్దు. అయినా రెండు రోజులు దొరికితే నా ఓటు కాంథోకే, ఎందుకంటే అక్కడ ఇప్పటికీ నిజంగా సరుకు చేతులు మారుతోంది.