వారంటీలో ఉన్న మెటల్ డిటెక్టర్ పాడైతే: బాగు చేయించుకోవడం మేలా, మార్పించుకోవడం మేలా?

ఆలయాలు, కళాశాలలు, కల్యాణ మండపాలు, పెద్ద అపార్టుమెంట్ల ప్రవేశం వద్ద నిలబెట్టే మెటల్ డిటెక్టర్ ద్వారం వారంటీ గడువులోనే మొరాయిస్తే కొన్నవారి ముందు మూడు దారులు ఉంటాయి. ఉన్న యంత్రాన్నే ఉచితంగా బాగు చేయించుకోవచ్చు, దాని స్థానంలో మరొకటి ఇవ్వమని అడగవచ్చు, ఆ సరుకే వద్దనుకుంటే డబ్బు వెనక్కి కోరవచ్చు. అమ్మినవారు సహజంగా మొదటి దారికే మొగ్గు చూపుతారు, విసిగిపోయిన కొనుగోలుదారులు రెండోదాని కోసం పట్టుబడతారు. నా దృష్టిలో ఏది మేలన్నది యంత్రంలో ఏ భాగం చెడిందన్న దాన్నిబట్టి తేలవలసిన విషయం. కంట్రోల్ యూనిట్ చెడితే బాగు చేయించుకోవడమే మంచిది, లోహాన్ని పసిగట్టే కాయిల్ (తీగ చుట్ట) ఉన్న పక్క పలక చెడితే మాత్రం మార్పిడి తప్ప మరో మాటకు ఒప్పుకోకూడదు.

దానికంటే ముందు, లోపం యంత్రంలో ఉందా, దాన్ని నిలబెట్టిన చోటులో ఉందా అన్నది తేల్చుకోవాలి. ఈ ద్వారాలలో చాలా నమూనాలు పల్స్ ఇండక్షన్ పద్ధతిలో పనిచేస్తాయి. ఒక పలకలోని కాయిల్ గుండా విద్యుత్తును క్షణకాలం పంపి ఆపేస్తారు. ఆ అయస్కాంత క్షేత్రం ఒక్కసారిగా పడిపోయినప్పుడు మధ్యలో ఉన్న లోహంలో సుడి ప్రవాహాలు (సుడిలా తిరిగే చిన్న విద్యుత్ ప్రవాహాలు) పుట్టి లిప్తకాలం నిలుస్తాయి, వాటి జాడను అందుకునే కాయిల్ పసిగడుతుంది. ఆ సంకేతం చాలా బలహీనమైనది కాబట్టి పక్కనున్న లిఫ్టు మోటారు, గోడ వెనక ఉన్న కరెంటు ప్యానెల్, కదిలే ఇనుప షట్టరు, చివరికి దగ్గరగా పెట్టిన మరో డిటెక్టరు కూడా దాన్ని చెడగొట్టగలవు. లిఫ్టుకు ఆనుకుని ఉన్న ద్వారాన్ని కాసేపు గమనిస్తే విషయం తెలిసిపోతుంది. ఎవరూ దాటకపోయినా లిఫ్టు కదిలిన ప్రతిసారీ ఒక పక్క స్తంభంలో మోకాలి ఎత్తున ఎర్ర దీపం వెలిగి బజర్ మోగుతుంది, లిఫ్టు ఆగగానే రెండూ సద్దుమణుగుతాయి. అలాంటి చోట కొత్త యంత్రం తెచ్చిపెట్టినా అదే మోత వినాల్సి వస్తుంది. అందువల్ల ఫిర్యాదు నమోదు చేయడానికి ముందే ద్వారాన్ని మోటార్లకు, ఇనుప నిర్మాణాలకు దూరంగా ఖాళీ స్థలానికి మార్చి, వేరే సాకెట్ నుంచి కరెంటు ఇచ్చి పరీక్షించాలి. ఇలా చూసుకోకుండా టెక్నీషియన్‌ను పిలిస్తే, ఆయన యంత్రం బాగానే ఉందని సర్వీస్ రిపోర్టులో రాసి వెళతారు, తర్వాత మార్పిడి అడిగినప్పుడు ఆ కాగితమే మనకు అడ్డుపడుతుంది.

ఖాళీ స్థలంలో కూడా తప్పుడు మోత ఆగకపోతే లోపం యంత్రానిదేనని అనుకోవచ్చు. అప్పుడు ఏ భాగమన్నది చూడాలి. పైన అడ్డంగా ఉండే పెట్టెలో కంట్రోల్ యూనిట్, డిస్‌ప్లే, పవర్ సప్లై ఉంటాయి. తెర వెలగకపోవడం, సెట్టింగులు నిలవకపోవడం, దాటినవారి లెక్క తప్పడం, కరెంటు పోగానే బ్యాటరీ మీద నడవకపోవడం వంటివన్నీ దాదాపుగా ఈ పెట్టెకు, లేదా మనుషుల రాకను గుర్తించే ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లకు సంబంధించినవే. ఇవి విప్పి మార్చగలిగే భాగాలు. టెక్నీషియన్ వచ్చి బోర్డు మారిస్తే ద్వారం అదే రోజు పనిలోకి వస్తుంది. ఇంత చిన్న పనికి ఇద్దరు ముగ్గురు మోయవలసిన యంత్రాన్ని ప్యాక్ చేసి లారీలో పంపి, కొత్తది వచ్చేదాకా ప్రవేశాన్ని ఖాళీగా వదిలేయడం భద్రత దృష్ట్యా సరికాదు.

పలకల విషయం వేరు. పద్దెనిమిది జోన్ల (లోహం ఎక్కడుందో విడివిడిగా చూపే భాగాల) యంత్రమంటే నిలువునా ఆరు అంచెలు, ఒక్కో అంచెలో ఎడమ, మధ్య, కుడి అని మూడు భాగాలు. ఒక్కో అంచెకు చెందిన కాయిల్ పలక లోపల సీలు వేసి ఉంటుంది. లోపల తీగ తెగినా, తేమ చేరినా దాన్ని విప్పి అతికించడం కుదరదు. ఈ లోపాన్ని పట్టుకోవడం తేలిక: ఒకే తాళంచెవుల గుత్తిని చీలమండ దగ్గర, నడుము దగ్గర, భుజం దగ్గర పట్టుకుని వేర్వేరుగా దాటి చూస్తే, చెడిన అంచె దగ్గర మాత్రమే యంత్రం మౌనంగా ఉండిపోతుంది. ఇదే అన్నిటికంటే ప్రమాదకరమైన లోపం. ఊరికే మోగే యంత్రం కనీసం తన జబ్బు తానే చెప్పుకుంటుంది, మోగని యంత్రాన్ని మాత్రం వేలమంది నమ్మి దాటిపోతారు. తప్పుడు మోత భరించలేక సెన్సిటివిటీ (లోహాన్ని పసిగట్టే సున్నితత్వం) తగ్గించి ‘బాగుచేశాం’ అని చెప్పడం కూడా ఈ కోవలోకే వస్తుంది. అది మరమ్మతు కాదు, లోపాన్ని కప్పిపుచ్చడం. అందువల్ల టెక్నీషియన్ రాకముందు, వెళ్లాక సెన్సిటివిటీ అంకెను ఫోటో తీసి ఉంచుకోవాలి.

చేతితో పట్టుకునే డిటెక్టర్ల విషయంలో పెద్దగా ఆలోచించవలసినది లేదు, నేరుగా మార్పిడి కోరడమే మేలు. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. తొమ్మిది వోల్టుల బ్యాటరీ స్థానంలో రీఛార్జి బ్యాటరీ వేస్తే దాని అసలు వోల్టేజి తక్కువగా ఉండటం వల్ల కొన్ని పరికరాలు బ్యాటరీ అయిపోయినట్టు చూపిస్తాయి. కొత్త ఆల్కలైన్ బ్యాటరీ వేసి చూశాకే లోపం ఉందని నిర్ణయించాలి.

మార్పిడికి అమ్మినవారు ఒప్పుకున్నా పని సగమే అయినట్టు. కొత్తగా వచ్చే యంత్రానికి వారంటీ మళ్లీ మొదటి నుంచి లెక్కిస్తారా, పాతదాని గడువులో మిగిలిన నెలలే వర్తిస్తాయా అన్నది ముందుగా రాతపూర్వకంగా తీసుకోవాలి, ఎందుకంటే చాలా వారంటీ పత్రాల్లో మిగిలిన గడువే ఇస్తామని ఉంటుంది. ఇచ్చేది కొత్తదా, బాగుచేసిన పాతదా, రవాణా ఖర్చు ఎవరిది, మధ్యలో వాడుకోవడానికి తాత్కాలికంగా మరొకటి ఇస్తారా అన్నవి కూడా ఆ కాగితంలోనే ఉండాలి. వర్షం పడే చోట పెట్టిన ద్వారమైతే మాన్యువల్‌లోని ఐపీ రేటింగ్ (దుమ్ము, నీటి నుంచి రక్షణ స్థాయిని చెప్పే అంకెలు) చూసుకోవాలి. రెండో అంకె నీటి నుంచి రక్షణను తెలుపుతుంది, అది తక్కువగా ఉంటే నీరు చేరడాన్ని వాడకంలో జరిగిన తప్పుగా చూపి వారంటీని తిరస్కరించే అవకాశం ఉంది.

డబ్బు వెనక్కి అడగడం చివరి దారి. అదే లోపం మరమ్మతు తర్వాత కూడా తిరిగివస్తే, లేదా మార్చిన యంత్రంలోనూ కనిపిస్తే ఇక ఆ నమూనాతో వేగడం అనవసరం. 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్ లోపం సరిచేయమని గానీ, లోపం లేని కొత్త సరుకు ఇవ్వమని గానీ, ధర వాపసు చేయమని గానీ ఆదేశించగలదు. కొన్నవారు తాము నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు, న్యాయవాది తప్పనిసరి కాదు, చెల్లించిన ధర ఐదు లక్షల రూపాయలలోపు అయితే రుసుము ఉండదు. వివాదానికి కారణం తలెత్తిన రెండేళ్లలోపు వెళ్లాలి. అంతకుముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే కొన్ని వివాదాలు అక్కడే తేలిపోతాయి. అయితే లాభార్జన కోసం నడిపే మండపానికో, మాల్‌కో కొన్న యంత్రాన్ని వాణిజ్య అవసరానికి కొన్నదిగా పరిగణించి ఈ చట్టం వర్తించదనే వాదన ఎదురవుతుంది. అలాంటి యజమానులకు కొనుగోలు ఒప్పందంలో రాసుకున్న షరతులే ప్రధాన ఆధారం కాబట్టి, ఆర్డరు ఇచ్చే రోజే మార్పిడి, వాపసు షరతులు అందులో చేర్చుకోవడం వారికి మరింత అవసరం.

కొత్త యంత్రం వచ్చిన రోజు డెలివరీ కాగితం మీద సంతకం చేసే ముందు దాని సీరియల్ నంబరును బిల్లుతోను, వారంటీ కార్డుతోను పోల్చి చూడాలి. ఆ తర్వాత టెక్నీషియన్ ఎదుటే తాళంచెవుల గుత్తితో ఆరు అంచెలనూ వరుసగా పరీక్షించి, ఏ అంచెలో ఏ దీపం వెలిగిందో కమిషనింగ్ రిపోర్టులో (యంత్రాన్ని బిగించి పనిలోకి తెచ్చినట్టు ఇచ్చే పత్రంలో) రాయించి, ఆయన చేత సంతకం తీసుకోవాలి.